స్క్రూ విప్పే హక్కు

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి పల్లెల్లో ఏ పిల్లవాడి చేతిలోనైనా నింటెండో స్విచ్ కనిపిస్తే ఎక్కడ కొన్నారని అడగక్కరలేదు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన తండ్రో మేనమామో ఖర్జూరం డబ్బాల పక్కన సర్ది తెచ్చి ఉంటారు. 2017 మార్చిలో విడుదలైన ఆ గేమ్ యంత్రాన్ని తయారీ కంపెనీ మన దేశంలో అధికారికంగా అమ్మింది లేదు. హనుమకొండ కుర్రాళ్లు కొనుక్కునేవీ ఎవరో దిగుమతి చేసుకొని ఆన్‌లైన్‌లో పెట్టినవే. 2022లో వాల్వ్ కంపెనీ తెచ్చిన మరో చేతి గేమ్ యంత్రం స్టీమ్ డెక్‌దీ ఇదే దారి. కొనేదాకా ఏ ఇబ్బందీ లేదు. పాడయ్యాకే తంటా. దుబాయ్ బిల్లు చూపిస్తే ఇక్కడ వారంటీ ఇచ్చే నాథుడు లేడు. స్విచ్‌కు వరంగల్‌లోనే కాదు, హైదరాబాద్‌లోనూ కంపెనీ సర్వీస్ సెంటర్ లేదు.

స్విచ్‌లో ముందుగా దెబ్బతినేది చాలాసార్లు ఒక్కటే, బొటనవేలి కింద తిరిగే చిన్న స్టిక్. ఈ లోపాన్ని గేమర్లు డ్రిఫ్ట్ అంటారు. వేలు తీసేసినా గేమ్‌లోని మారియో తనంతట తానే ఎడమకు నడిచి గోతిలో పడతాడు. స్టిక్ అడుగున కార్బన్ పూసిన సన్నని పట్టీ ఉంటుంది. దాని మీద లోహపు కొనలు రాసుకుంటూ తిరుగుతాయి. ఆడేకొద్దీ కార్బన్ అరిగి పొడి రాలుతుంది, విద్యుత్ నిరోధం మారిపోతుంది, వేలు కదలకపోయినా కదిలిందని బోర్డు అనుకుంటుంది. బయటి దుమ్ము కూడా చేరితే చెప్పక్కరలేదు. గోదావరిఖని లాంటి ఊళ్లలో దుమ్ముకు కొదవా?

దీన్ని బాగుచేయడం బ్రహ్మవిద్య కాదు. స్విచ్ పక్కన తగిలించే జాయ్‌కాన్ అనే కంట్రోలర్ వెనక నాలుగు స్క్రూలు. మామూలు ప్లస్ తల కాదు, మూడు రెక్కల తల, దానికి వేరే స్క్రూడ్రైవర్ కావాలి. మూత తెరిచి, బ్యాటరీ పక్కకు జరిపి, రిబ్బన్ కేబుల్ లాక్‌ను ట్వీజర్‌తో లేపి, స్టిక్‌ను పట్టి ఉంచిన మరో రెండు స్క్రూలు విప్పితే పాత స్టిక్ చేతికొస్తుంది. కొత్తది అదే చోట కూర్చోబెట్టాలి. సోల్డరింగ్ అవసరమే లేదు. హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఫోన్లకు చార్జింగ్ పోర్టులు మార్చే కుర్రాళ్లకు ఇది నల్లేరు మీద నడక. వాళ్ల చేతిలో లేనిది నైపుణ్యం కాదు, నమ్మకమైన విడిభాగం. కంపెనీ తన స్టిక్‌ను వాళ్లకు అమ్మదు. ఢిల్లీ నుంచో చైనా నుంచో వచ్చే సరుకులో ఏది నిలుస్తుందో, ఏది నెల తిరక్కుండా మళ్లీ డ్రిఫ్ట్ అవుతుందో అమ్మేవాడికీ తెలియదు.

అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో రాపిడి ఉండదు కాబట్టి ఈ అరుగుదలా ఉండదు. ఇదేమీ కొత్త ఆవిష్కరణ కాదు. 1998లో వచ్చిన సేగా డ్రీమ్‌కాస్ట్ గేమ్ యంత్రం కంట్రోలర్‌లోనే వాడారు. ఇప్పుడు గులికిట్ లాంటి బయటి కంపెనీలు స్విచ్‌కు సరిపోయేలా వీటిని తయారుచేసి అమ్ముతున్నాయి. అసలు కంపెనీ మాత్రం 2025 జూన్‌లో తెచ్చిన స్విచ్ 2లోనూ హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు పెట్టలేదు. ఎనిమిదేళ్ల ఫిర్యాదుల తర్వాత కూడా ఇదేనా అని గేమర్లు నిష్ఠూరమాడితే తప్పు పట్టలేం. డ్రిఫ్ట్ వల్ల కలిగిన అసౌకర్యానికి కంపెనీ అధ్యక్షుడు ఫురుకావా 2020లో క్షమాపణ చెప్పారు. వినియోగదారుల సంఘాల ఒత్తిడితో 2023లో యూరప్ కొనుగోలుదారులకు వారంటీ తీరినా ఉచితంగా బాగుచేసి ఇస్తామని ఒప్పుకున్నారు. మెట్‌పల్లి పిల్లవాడి జాయ్‌కాన్ ఆ లెక్కలోకి రాదు.

చట్టాల తీరు చూస్తే ఇంకా చిత్రంగా ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా, మిన్నెసోటా రాష్ట్రాల రిపేరు హక్కు చట్టాలు 2024 జులై 1న అమల్లోకి వచ్చాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల విడిభాగాలు, రిపేరు పుస్తకాలు అందరికీ ఇవ్వాల్సిందేనన్నాయి. స్విచ్ లాంటి వీడియో గేమ్ కన్సోళ్లను మాత్రం రెండూ పేరుపెట్టి మినహాయించాయి. పైరసీ పెరుగుతుందన్నది కంపెనీల వాదన. గేమ్ దొంగ కాపీలను మేమూ సమర్థించం. కానీ అరిగిన స్టిక్ మార్చడానికీ, ఉబ్బిన బ్యాటరీ తీయడానికీ, గేమ్ కాపీ చేయడానికీ ఏం సంబంధం? ఈ వంకతోనే డిస్క్‌లతో ఆడే కన్సోళ్లలో డిస్క్ డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు సాఫ్ట్‌వేర్ తాళంతో ముడివేస్తారు. డ్రైవ్ చెడిపోతే అదే మోడల్‌ది ఇంకోటి తెచ్చి బిగించినా డిస్క్ ఆడదు. సొంత డబ్బు పోసి కొన్న డిస్క్‌లు అల్మారాలో అలంకారానికి మిగులుతాయి. యంత్రం మీద సీలు చింపితే వారంటీ పోతుందని అతికించే స్టిక్కర్ సంగతి సరేసరి. అలాంటి వారంటీ షరతులు చెల్లవని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో హెచ్చరిక లేఖలు రాసిన కంపెనీల్లో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ ఉన్నాయి.

మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకొని ఒక పోర్టల్ తెరిచింది. వస్తువును విప్పడం ఎంత సులువో, విడిభాగాలు దొరుకుతాయో లేదో చూసి మార్కులు వేసే రిపేరబిలిటీ సూచీపై 2025 మేలో నివేదిక కూడా అందింది. స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లతో మొదలుపెట్టాలని అందులో ఉంది. మంచి పనే. అయితే ట్యాబ్లెట్‌కు రెండు పక్కలా బటన్లు తగిలిస్తే హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ అవుతుంది. తెర అదే, బ్యాటరీ అదే, చార్జింగ్ పోర్టు అదే. దానికి వర్తించే సూచీ దీనికి ఎందుకు వర్తించకూడదో చెప్పేవారు లేరు.

గేమ్ అనగానే పెద్దలు మొహం చిట్లించడం ఒక కారణం కావచ్చు. డబ్బులు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది, పార్లమెంటు 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం చేసింది. ఆ జూదానికీ, కన్సోల్‌లో కార్ల రేసు ఆడుకోవడానికీ తేడా చూడని ఇళ్లు ఇంకా ఉన్నాయి. తొంభైల్లో టీవీ గేమ్ కాసెట్ ఆడకపోతే తీసి ఊది పెట్టిన తరమే ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. (ఊదడం వల్ల ఒరిగేదేమీ లేదు, నోటి తేమకు పిన్నులు తుప్పు పట్టడం తప్ప.) వాళ్లయినా అర్థం చేసుకోవాలి.

ఇది సరదాకు సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇంత రాయనక్కరలేదు. వాడకుండా ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న కన్సోల్‌లో లిథియం బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. 2004 నాటి సోనీ చేతి గేమ్ యంత్రం పీఎస్‌పీకి వెనక మూత గోటితో లాగితే బ్యాటరీ ఊడి వచ్చేది. ఇప్పటి వాటిలో మూత స్క్రూలతో బిగించి, లోపల బ్యాటరీని జిగురుతో అంటిస్తున్నారు. సరైన పనిముట్లు లేక ఇనుప స్క్రూడ్రైవర్ కొనతో పెళ్లగించబోతే సెల్ చిల్లుపడి మంటలు లేస్తాయి. ఈ పని చేసేది ఏసీ సర్వీస్ సెంటర్‌లో ఇంజినీరు కాదు, మల్టీమీటర్, హాట్ ఎయిర్ గన్ ముందేసుకొని రేకుల గదిలో కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రాడు.

ఆ కుర్రాడి విషయంలో రాష్ట్రం చేయగలిగింది ఉంది. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోలు, విద్యుత్ వాహనాల కోర్సులు వస్తున్నాయి. సంతోషం. వాటి పక్కన బోర్డు స్థాయి రిపేరుకు, మైక్రోస్కోప్ కింద సోల్డరింగ్‌కు, లిథియం బ్యాటరీల జాగ్రత్తలకు ఆర్నెల్ల కోర్సు పెడితే పెద్ద ఖర్చేమీ కాదు. ఇప్పుడు ఈ విద్య యూట్యూబ్‌లో చూసి, పాడైన బోర్డుల మీద చేయి తిప్పుకొని నేర్చుకుంటున్నదే. సర్టిఫికెట్ ఉంటే బ్యాంకు ముద్రా రుణానికి దారి దొరుకుతుంది.

కంపెనీలు విడిభాగాలు ఇవ్వలేక ఇవ్వడం లేదన్న మాట నమ్మదగ్గది కాదు. స్టీమ్ డెక్ విడిభాగాలను వాల్వ్ 2022 నుంచే ఐఫిక్సిట్ అనే రిపేరు సామాన్ల సంస్థ ద్వారా అమ్ముతోంది. మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ భాగాలను 2023లో అమ్మకానికి పెట్టింది. చట్టం మెడ మీద ఉన్నచోట దిగిరావడం కూడా చూస్తున్నాం. 2027 ఫిబ్రవరి 18 నుంచి వర్తించేలా యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధన ప్రకారం చేతిలో పట్టే పరికరాల బ్యాటరీని కొన్నవారే మార్చుకునేలా ఉండాలి. అక్కడికి అలాంటి మోడల్ తయారుచేసే కంపెనీ ఇక్కడికి వచ్చే సరుకులో జిగురు కొనసాగించకుండా చూడటానికి కేంద్రం ఒక్క నోటిఫికేషన్ ఇస్తే చాలు. కన్సోళ్లను రిపేరబిలిటీ సూచీలో చేర్చడమూ అంతే. స్మార్ట్‌ఫోన్ల పని పూర్తయ్యేదాకా దాన్ని ఆపాల్సిన అవసరం మాకు కనిపించడం లేదు.