హోగా గారి సర్వీసు రిజిస్టరు

నౌకాదళ చరిత్రకారులు యుద్ధనౌకలకు సంపుటాలు కేటాయిస్తారు. రేవులో పనిచేసే టగ్గు పడవకు ఒక పేరా ఇస్తే ఎక్కువ. అమెరికా నౌకాదళపు టగ్గు హోగా, అనగా నౌకాదళ నంబరు ప్రకారం వైటీ-146, విషయంలో ఈ సదాచారాన్ని కాస్త సడలించవలసిందిగా మనవి.

ఉద్యోగంలో చేరింది 1941లో. పర్మినెంటు అనుకునేరు! పెద్ద నౌకలకైతే బ్యాండు మేళంతో 'కమిషన్' ఇస్తారు. రేవు టగ్గులను ఊరికే 'సర్వీసులోకి' తీసుకుంటారు. పేరుకు ముందు యూఎస్ఎస్ అని పెట్టుకునే యోగ్యత కమిషన్ పొందినవాటిదే. ఆ యోగ్యులందరినీ నెట్టి, లాగి, గట్టుకు చేర్చే పని మాత్రం టగ్గుది.

1941 డిసెంబరు 7న హవాయిలోని నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ విమానాలు విరుచుకుపడ్డప్పుడు అక్కడి యుద్ధనౌకల్లో కదిలి బయల్దేరగలిగింది నెవాడా ఒక్కటే. టార్పెడో తగిలి, బాంబులు పడి, అదీ మునిగేలా ఉంది. దారి మధ్యలో మునిగిందా, రేవు మొత్తానికీ తాళం పడ్డట్టే. అప్పుడు 100 అడుగుల హోగా వెళ్లి 583 అడుగుల నెవాడాకు ముక్కు ఆనించింది. ఒకపక్క నెడుతూనే మరోపక్క దాని మంటల మీద నీళ్లు కొట్టింది. అక్కణ్ణించి మరో యుద్ధనౌక అరిజోనా దగ్గరికి. మంటలతో మొత్తం 72 గంటల పోరాటం. ఓవర్‌టైమ్ అడిగే అలవాటు టగ్గులకు లేదు. 1942 ఫిబ్రవరిలో పసిఫిక్ నౌకాదళాధిపతి అడ్మిరల్ నిమిట్జ్ సిబ్బందిని మెచ్చుకుంటూ కాగితం ఇచ్చాడు. కాగితం ఇచ్చాక ఇంకేం కావాలి?

1944లో ప్రమోషన్: వైటీబీ, అంటే 'పెద్ద' టగ్గు. 1948లో డిప్యుటేషన్ మీద కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ రేవుకు పంపి అగ్నిమాపక పడవను చేశారు. పేరు కూడా మార్చి 'సిటీ ఆఫ్ ఓక్లాండ్' అన్నారు. అది అక్కడ మంటలార్పే పనిలో ఉండగా, 1962లో మాతృశాఖకు హఠాత్తుగా జ్ఞానోదయమై వైటీఎం, అంటే 'మధ్యరకం' అని తేల్చింది. పొడవు అంగుళం తగ్గలేదు. ఈ కుంగుబాటు ఏ కొలతతో కనిపెట్టారో పరిశోధకులే చెప్పాలి.

1989లో జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. మామూలుగా చిహ్నమయ్యాక దండ వేయించుకుని కూర్చుంటారు. ఇది మర్నాడూ డ్యూటీకి హాజరు. 1990ల్లో విశ్రాంతినిచ్చి, కాలిఫోర్నియాలోని సూసన్ బేలో పాత నౌకల మధ్య కట్టేశారు. 2005లో ఆర్కాన్సాలోని నార్త్ లిటిల్ రాక్‌కు అప్పగించారు, అది చేరింది 2015లో. బదిలీ ఉత్తర్వుకూ ప్రయాణానికీ మధ్య పదేళ్లు పట్టడం ఏ ప్రభుత్వోద్యోగికీ వింతగా తోచదు. ఇంతమందిని లాగిన మనిషిని చివరికి ఇతరులే మోసుకురావలసి వచ్చింది, అదొక్కటే బాధ.

సముద్రమే లేని ఆ రాష్ట్రంలో, నది ఒడ్డు మ్యూజియంలో, హోగాకు తోడుగా రేజర్‌బ్యాక్ సబ్‌మెరైన్ ఉంది. 1945 సెప్టెంబరు 2న టోక్యో బేలో జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకం చేసినప్పుడు అది అక్కడే ఉంది. అమెరికాకు యుద్ధం మొదలైన రోజు చూసింది ఒకటి, ముగిసిన రోజు చూసింది మరొకటి. ఎప్పుడైనా ఆ సబ్‌మెరైన్‌ను అటో ఇటో జరపాలంటే మ్యూజియంవారు హోగాను అడిగి చూడొచ్చు, కాదనే రకం కాదు. ఉత్తర్వులో మాత్రం 'మధ్యరకం' అని రాయకండి.