ఫైనల్ న్యూ లేటెస్ట్ 2 డాట్ జిప్

మాదాపూర్‌లో ఏ కంపెనీ వెబ్‌సైటును క్లౌడ్‌కు మార్చాలనుకున్నా ముందుగా అవతరించేది సైటంతా మూటగట్టిన ఈ జిప్ ఫైలే. క్లౌడంటే ఆకాశమేమీ కాదు, అద్దె సర్వర్లే. అమెజాన్ క్లౌడ్ సంస్థ ఏడబ్ల్యూఎస్ వాళ్ల హైదరాబాద్ రీజియన్, అంటే డేటా సెంటర్ల గుంపు, 2022 నవంబరు నుంచీ ఉంది. ఊళ్లోంచి ఊళ్లోకి సామాను చేర్చడానికే ఇంత భాగోతం.

తయారీ శాస్త్రోక్తం: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, జిప్, చాయ్. సైటును సర్వర్ మీదికి ఎక్కించిపెట్టే ఏడబ్ల్యూఎస్ సేవ ఎలాస్టిక్ బీన్‌స్టాక్ కోరేదల్లా 500 ఎంబీ లోపు ఒకే జిప్, అందులో పై ఫోల్డర్ ఉండకూడదు. అంటే ఫోల్డర్‌లోకి దిగి లోపలి ఫైళ్లను ఎంచుకుని జిప్ చెయ్యాలి. అంత కిందికి దిగడం టీమ్ లీడ్ హోదాకు తగునా? అందుకని సర్వర్‌లో విప్పితే 'వెబ్‌సైట్' వస్తుంది. అందులో 'వెబ్‌సైట్ కాపీ'. అందులో 'ఓల్డ్'. ఓల్డ్‌లో ఇంకో జిప్, దాన్ని విప్పితే ఎప్పటిదో సంక్రాంతి ఆఫర్ బ్యానరు. సైటు మొదటి పేజీ అయిన ఇండెక్స్ ఫైలు ఏ పాతాళంలోనో పడుకుని ఉంటుంది, సర్వర్ గుమ్మంలోనే 403, అంటే 'ప్రవేశం లేదు' అంటుంది.

ఇల్లు మారుతూ చెత్తబుట్టను భద్రంగా చుట్టి గ్యాస్ సిలిండర్ మరిచిపోయినట్టు, మళ్లీ దింపుకోగలిగే నోడ్ మాడ్యూల్స్ లైబ్రరీలు, తాత్కాలిక క్యాష్ ఫైళ్లు అన్నీ బండెక్కుతాయి. అపాచీ సర్వర్‌కు రూల్స్ చెప్పే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలు మాత్రం రాదు. టెర్మినల్‌లో కమాండు కొట్టి జిప్ చేసేవాళ్లు 'అన్నీ' అనడానికి నక్షత్రం గుర్తు పెడితే చుక్కతో మొదలయ్యే ఫైళ్లు అందవు మరి, అక్కడ ఒట్టి చుక్క పెట్టాలి. వచ్చినా, కొత్త సర్వర్ ఇంజిన్‌ఎక్స్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌తో నడిచేదైతే దాని మొహం చూడదు. ఆ రూల్స్ మళ్లీ రాసుకోవాల్సిందే.

"డేటాబేస్ ఏదయ్యా?"

"జిప్‌లోనే ఉంది సార్."

లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని సరుకంతా ఒక ఫైలుగా, అంటే డంప్‌గా, విడిగా తియ్యాలి. తీశాక దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత డొమైన్ పేరు మార్చిపారేసే ఘనులున్నారు. వర్డ్‌ప్రెస్ సైటు సెట్టింగులను ఒకే వరసగా కూర్చి దాచే సీరియలైజ్డ్ డేటాలో ప్రతి మాట పక్కనా దాని పొడవు అంకెల్లో ఉంటుంది. పేరు పొడవు మారితే లెక్క తప్పి సెట్టింగులు గల్లంతు. ఈ పనికే వర్డ్‌ప్రెస్ కమాండ్ల పనిముట్టు డబ్ల్యూపీ సీఎల్‌ఐలో సెర్చ్-రీప్లేస్ ఉంది, పాపం దాన్ని పిలిచేవాళ్లే లేరు.

ఇంతవరకూ నవ్వుకుందాం. పనయ్యాక ఆ జిప్‌ను పాత సర్వర్ పబ్లిక్ ఫోల్డర్‌లోనే వదిలేసి పోతారు చూడండి, అక్కడ నవ్వు రాదు. ప్రతి డొమైన్ పక్కనా బ్యాకప్ డాట్ జిప్ అని కొట్టి చూసే బాట్‌లు, అంటే దొంగ ప్రోగ్రాములు, పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. ఆ జిప్‌లో సెట్టింగుల కాన్ఫిగ్ ఫైలు, దాన్లో డేటాబేస్ పాస్‌వర్డ్. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకున్న పిల్లల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు. మిమ్మల్ని నమ్మి పంపిన కాగితాలవి! ఎవడబ్బ సొమ్మని నడిరోడ్డు మీద ఆరేశారు? 2023 డేటా రక్షణ చట్టంలో భద్రత పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా రాసి ఉంది, అదైనా చదివారా? జిప్‌ను పబ్లిక్ ఫోల్డర్ బయట చెయ్యండి, గుప్తంగా కాపీ చేసే ఎస్‌సీపీతో పంపండి, ఫైలు మారలేదని చెప్పే చెక్‌సమ్ అంకెను రెండు చోట్లా సరిచూడండి, పాస్‌వర్డులు మార్చండి, ఆ జిప్‌ను చెరిపెయ్యండి. చెరపడానికి ఆర్‌ఎమ్ అని రెండక్షరాల కమాండు. అదీ కొట్టలేని చేతులకు సర్వర్ మీద సర్వాధికారం, రూట్ యాక్సెస్, ఎవరిచ్చారు?