చదివింది ఎందుకు గుర్తు రావడం లేదు? ఈ ప్రశ్న బుద్ధుడిని కూడా అడిగారు

మొన్న సెమిస్టర్ పరీక్షలు జరుగుతుండగా ఒక అమ్మాయి నా గదికొచ్చి కూర్చుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సార్, ఆ యూనిట్ మొత్తం నాలుగుసార్లు చదివాను. పేపర్ చేతికి రాగానే ఒక్క ముక్క గుర్తు రాలేదు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే అన్నీ వరసగా గుర్తొచ్చాయి" అంది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఈ మాట ఎన్ని వందల మంది నోట విన్నానో లెక్కలేదు. ఇన్నేళ్లూ నేను చెప్పిన సమాధానం ఒకటే: "టెన్షన్ పడకు, ఇంకోసారి చదువు." అది సమాధానం కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నాలుగుసార్లు చదివినా గుర్తురాని పిల్లను ఐదోసారి చదవమనడం వల్ల ఏం ఒరుగుతుంది?

సరిగ్గా ఇదే ప్రశ్న బుద్ధుడిని అడిగినవాడు ఒకడున్నాడు. పేరు సంగారవుడు, వేదం చదువుకున్న బ్రాహ్మణుడు. బుద్ధుడి బోధనల సంకలనాలైన సంయుక్త నికాయంలోనూ అంగుత్తర నికాయంలోనూ ఆ సంభాషణ ఉంది. ఎంతో కాలం వల్లె వేసిన మంత్రాలు కూడా కొన్నిసార్లు మనసుకు తట్టవు, మరికొన్నిసార్లు ఎన్నాళ్లుగానో వల్లె వేయనివి కూడా ఠక్కున తడతాయి, దీనికి కారణమేమిటని అతను అడిగాడు. మోక్షం గురించి కాదు, పునర్జన్మ గురించి కాదు. చదువుకునేవాడి మామూలు బాధ. దానికి బుద్ధుడు నువ్వు సరిగా చదవలేదనలేదు, నీకు బుర్ర తక్కువనీ అనలేదు. ఆ సమయంలో నీ మనసు ఏ స్థితిలో ఉందో చూడమన్నాడు. మొహం చూసుకోవడానికి పెట్టుకున్న నీళ్ల గిన్నెతో పోల్చి ఐదు స్థితులు చెప్పాడు.

రంగులు కలిపిన నీళ్లు ఒకటి, అది కోరిక. సలసల మరిగే నీళ్లు, అది కోపం. నాచు, నీటి మొక్కలు కప్పేసిన నీళ్లు మందకొడితనం, నిద్రమత్తు. గాలికి అలలు లేస్తున్న నీళ్లు అలజడి, పశ్చాత్తాపం. బురద కలిసి చీకట్లో పెట్టిన నీళ్లు సందేహం. వీటిని పంచ నీవరణాలు, అంటే మనసుకు అడ్డుపడే ఐదు తెరలు, అంటారు. గిన్నె ఉంది, నీళ్లున్నాయి, ముందు మొహమూ ఉంది. అయినా మొహం కనపడదు. ఆ అమ్మాయికి చదివింది ఎక్కడికీ పోలేదు. మెట్ల దగ్గర అన్నీ గుర్తొచ్చాయంటే అన్నీ లోపలే ఉన్నాయన్నమాట.

నాలుగో గిన్నె గురించి కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే నా విద్యార్థుల్లో ఎక్కువమంది గిన్నె అదే. ఈ బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో దాని పేరు ఉద్ధచ్చ కుక్కుచ్చం. ఇందులో రెండు మాటలున్నాయి. ఉద్ధచ్చం అంటే మనసు ఒకచోట నిలవకపోవడం. ఫోన్ ఉన్న గదిలో కూర్చుని చదివేవాళ్లకు దీన్ని నేను వివరించనక్కర్లేదు. కుక్కుచ్చం వేరు. చేయాల్సింది చేయలేదే, చేయకూడనిది చేశానే అని లోపల నలగడం. 'మూడో యూనిట్ వదిలేశాను, నిన్న మూడు గంటలు రీల్స్ చూస్తూ పాడుచేశాను, అమ్మానాన్నలకు ఏం చెప్పాలి' అనేది కుక్కుచ్చం. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా కనపడతాయి: పుస్తకం ముందు కూర్చుని పేజీ తిప్పని పిల్లవాడు. కానీ మొదటిదానికి మందు ఫోన్ ఇంకో గదిలో పెట్టడం. రెండోదానికి ఫోన్ తీసేసినా లాభం లేదు, లోపలి గాలి ఆగదు. వదిలేసిన యూనిట్‌ను కాగితం మీద రాసుకుని, దానికి ఒక రోజు కేటాయించి, ఇప్పుడు చేతిలో ఉన్నదానికి తిరిగి రావాలి. రెండు జబ్బులకూ 'ఏకాగ్రత పెట్టు' అని ఒకే గోలీ ఇవ్వడమే మనం చేస్తున్న తప్పు.

మూడో గిన్నెకు బుద్ధుడు చెప్పిన మందు నాకు చాలా ఇష్టం. ధ్యానంలో కునికిపాట్లు పడుతున్న తన ముఖ్య శిష్యుడు మొగ్గల్లానుడికి ఆయన వరసగా ఉపాయాలు చెబుతాడు. మనసులో పెట్టుకున్న విషయం మార్చు. విన్నదాన్ని ఆలోచించు. వివరంగా వల్లె వేయి. చెవులు లాక్కో, ఒళ్లు రుద్దుకో. లేచి కళ్లు నీళ్లతో కడుక్కుని నక్షత్రాల వైపు చూడు. వెలుగును తలచుకో. అటూ ఇటూ నడువు. ఇవేవీ పనిచేయకపోతే, ఇక పడుకో, లేవాల్సిన సమయం మనసులో పెట్టుకుని పడుకో. అంత గొప్ప శిష్యుడికి కూడా చివరికి నిద్రపొమ్మనే చెప్పాడు. రాత్రంతా మేలుకుని చదివితే హీరో అనుకునే మన హాస్టల్ సంస్కృతికి ఈ మాట వినపడాలి.

ఇక అసలు కడుపు మంట ఎక్కడో చెబుతాను.

గతంలో నేను పనిచేసిన ఒకచోట పరీక్షలకు వారం ముందు మైండ్‌ఫుల్‌నెస్ సెషన్ పెట్టారు. పెద్ద హాలు, వెనక ఫ్లూటు సంగీతం, వేదిక మీద బుద్ధుడి బొమ్మ. ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి గమనించమన్నారు. పిల్లలు శ్రద్ధగానే కూర్చున్నారు. అయ్యాక ఫొటోలు దిగి వెళ్లిపోయారు. టైమ్ టేబుల్ మాత్రం మారలేదు: మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా వరసగా ఐదు పేపర్లు. సిలబస్ తగ్గలేదు. గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులిచ్చే పద్ధతీ తగ్గలేదు.

నాలుగు ఆర్యసత్యాలు బుద్ధ ధర్మానికి పునాది. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణం పోతే దుఃఖం పోతుంది, పోగొట్టే మార్గం ఉంది. రెండో సత్యాన్ని దాటేసి నాలుగో సత్యంలోంచి ఒక చిన్న ముక్క కోసి పిల్లల చేతిలో పెట్టడాన్ని బౌద్ధం అనకూడదు. కారణం అలాగే ఉంచి, దాన్ని ఓర్చుకోవడం నేర్పడం అది. పైగా అందులో ఒక మాట దాగి ఉంది: 'ఒత్తిడి మీ లోపలే ఉంది, మా తప్పేం లేదు.' నిజంగా కుంగిపోయిన పిల్లలకు కావాల్సింది డాక్టరు, కౌన్సెలరు. ఊపిరి గమనించమని చెప్పి పంపేయడం వాళ్లకు అన్యాయం.

ధ్యానం వల్ల ఉపయోగం లేదని నేను అనడం లేదు. 2013లో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 48 మంది విద్యార్థుల్లో కొందరికి రెండు వారాలు సతి, అంటే ఎరుక, సాధన నేర్పారు. మిగతావాళ్లకు పోషకాహారం మీద క్లాసు పెట్టారు. సాధన చేసినవాళ్లకు చదివినదాన్ని అర్థం చేసుకునే పరీక్షలో స్కోరు పెరిగింది, మనసు పక్కదారి పట్టడం తగ్గింది. కానీ అది రెండు వారాల సాధన. ఫొటోల కోసం పెట్టిన ఇరవై నిమిషాలు కాదు.

నా ఉద్దేశంలో బౌద్ధం విద్యార్థికి ఇచ్చే అన్నిటికంటే పెద్ద కానుక ధ్యానం కూడా కాదు. అది నేర్చుకునే పద్ధతి. ఒక్కసారి ఆలోచించండి. బుద్ధుడు చెప్పినదంతా కొన్ని వందల ఏళ్లు రాతలో లేదు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో శ్రీలంకలో తాటాకుల మీదికి ఎక్కేదాకా అదంతా మనుషుల తలల్లోనే ఉంది. అంత పెద్ద సాహిత్యాన్ని తరం తర్వాత తరానికి అందించినవాళ్లకు నేర్చుకోవడం గురించి ఏమీ తెలియకుండా ఉంటుందా?

బహుశ్రుతుడు అంటే ఎవరో చెప్పేటప్పుడు పాళీ సుత్తాల్లో, అంటే బుద్ధుడి ఉపదేశాల్లో, ఐదు మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఎక్కువ విన్నవాడు. విన్నదాన్ని నిలుపుకున్నవాడు. నోటితో వల్లె వేసినవాడు. మనసుతో పరిశీలించినవాడు. చివరికి దాని లోపలికి చొచ్చుకుపోయి చూసినవాడు. మన క్లాసుల్లో మొదటిదొక్కటే జరుగుతోంది. మేము చెబుతాం, వాళ్లు వింటారు. మిగతా నాలుగూ పరీక్ష ముందు రాత్రికి వదిలేస్తున్నాం.

ఇక్కడ ఒకరు అడ్డుపడతారని తెలుసు: 'వల్లె వేయడమంటే బట్టీయే కదా, దాన్నే కదా వద్దంటున్నాం?' కాదు. బట్టీలో కన్ను పేజీ మీదే ఉంటుంది. వల్లె వేసేటప్పుడు పుస్తకం మూసి ఉంటుంది, ఉన్నదంతా లోపలినుంచి బయటికి రావాలి. ఈ తేడా ఎంత పెద్దదో 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగు విడతలు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే వాళ్లకు దాదాపు 40 శాతం గుర్తుంది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం. మరీ బాధ కలిగించేదేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా ఉన్నది నాలుగు విడతలు చదివినవాళ్లే. నా గదిలో కూర్చున్న అమ్మాయి కూడా సరిగ్గా నాలుగుసార్లే చదివింది.

భిక్షువులు పక్షానికోసారి ఒకచోట చేరి ప్రాతిమోక్ష నియమాలు, అంటే భిక్షువులు పాటించాల్సిన కట్టుబాట్లు, పైకి చెప్పుకోవడం ఈనాటికీ కొనసాగుతోంది. 'వల్లె వేయకపోవడమే మంత్రాలకు పట్టే మలినం' అని బుద్ధుడి గాథల పుస్తకం ధమ్మపదంలో ఉంది. అదే పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది: ఎంత వల్లె వేసినా ఆచరించనివాడు ఇతరుల ఆవులను లెక్కపెట్టే కాపరిలాంటివాడు. ఈ రెండు మాటలనూ కలిపి చదవాలి. వల్లె వేయకపోతే పోతుంది, వల్లె వేయడంతోనే ఆగిపోతే పాలు మనవి కావు. అందుకే నాలుగో మెట్టు, మనసుతో పరిశీలించడం. మేసిన గడ్డిని ఆవు నీడన పడుకుని నెమరు వేసుకుంటుందే, అది. దానికి తీరిక కావాలి. రోజుకు ఏడు పీరియడ్లు పెట్టి, వాటి మీద అసైన్‌మెంట్లు పెట్టి, ఆ తీరికను మనమే లాక్కుంటున్నాం.

నెమరు వేయడం ఒంటరిగానే చేయనక్కర్లేదు. ఏడో శతాబ్దంలో నలందా బౌద్ధ విద్యాలయంలో చదువుకున్న చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్, అక్కడ లోతైన ప్రశ్నలు అడగడానికీ జవాబులు చెప్పడానికీ పగలు సరిపోయేది కాదని రాశాడు. ఉదయం నుంచి రాత్రి దాకా చర్చే. చిన్నా పెద్దా ఒకరికొకరు సాయం చేసుకునేవాళ్లట. నా క్లాసులో ప్రశ్నలున్నాయా అని అడిగితే అరవై మంది తల దించుకుంటారు. వాళ్లకు ప్రశ్నలు లేక కాదు. చిన్నప్పటినుంచి ప్రశ్న అడిగినప్పుడు మేము చూసిన చూపు వాళ్లకు గుర్తుంది.

ఉపాధ్యాయులం మాట్లాడుకోవాల్సిన కథ ఇంకొకటుంది. చూళపంథకుడనే భిక్షువు నాలుగు నెలలు కూర్చున్నా ఒక్క గాథ నోటికి రాలేదు. సొంత అన్న, తనూ భిక్షువే, నీవల్ల కాదు, వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లిపోతున్నవాడిని బుద్ధుడు ఆపి, ఒక శుభ్రమైన గుడ్డ ఇచ్చి, దాన్ని చేత్తో రుద్దుతూ 'మురికి తొలగించడం' అనుకుంటూ ఉండమన్నాడు. రుద్దేకొద్దీ గుడ్డ మాసింది. మారిపోవడం అంటే ఏమిటో అతనికి కళ్లముందు కనిపించింది. గాథ చేయలేని పని గుడ్డ చేసింది. శిష్యుడు అదే శిష్యుడు, మారింది పాఠం. ఫెయిలైన పిల్లల జాబితా గోడకు అంటించే ముందు ఈ కథ నాకు గుర్తొస్తుంది. వాళ్లకు ఇంకో దారిలో చెప్పి చూశామా? ఎక్కువ సార్లు లేదనే ఒప్పుకోవాలి.

క్లాసులోకి మతం తెస్తున్నావా అని కొందరు అడిగారు. ఆ భయం అర్థమవుతుంది. పిల్లలను మొక్కమని గానీ నమ్మమని గానీ నేను చెప్పడం లేదు. తన ధర్మాన్ని ఏరు దాటడానికి కట్టుకున్న తెప్పతో పోల్చి, దాటాక దాన్ని నెత్తిన పెట్టుకుని మోయనక్కర్లేదని చెప్పినవాడు బుద్ధుడు. గురువు చెప్పాడని నమ్మొద్దు, గ్రంథంలో ఉందని నమ్మొద్దు, మీరే తెలుసుకోండి అని, ఎవరిని నమ్మాలో తెలియక అడిగిన కాలామ అనే తెగ ప్రజలకు చెప్పినవాడు కూడా ఆయనే. ఏ మతంవాళ్లయినా, ఏ మతమూ లేనివాళ్లయినా పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవచ్చు, తమ గిన్నెలో నీళ్లెలా ఉన్నాయో చూసుకోవచ్చు.

ఈ సెమిస్టర్ నుంచి నేను పాఠం పది నిమిషాల ముందే ఆపేస్తున్నాను. నోట్సులు మూసేసి, పక్కవాళ్లకు ఈరోజు విన్నది చెప్పమంటున్నాను. ఒకరు చెప్పడం, ఇంకొకరు ప్రశ్నలు వేయడం. మొదటి వారం నవ్వులు, గుసగుసలు. మూడో వారానికి బెల్లు కొట్టాక కూడా రెండు మూడు జంటలు వాదించుకుంటూ కూర్చుంటున్నాయి. సిలబస్ కొంచెం వెనకబడింది, దానికి నన్ను అడిగారు, నా జవాబు నేను ఇచ్చాను.

ఆ అమ్మాయి తర్వాతి పేపర్‌కి ముందు రోజు మళ్లీ వచ్చింది. ఏ గిన్నె అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మరిగేది సార్. మా నాన్న మీద కోపం. ఇష్టంలేని కోర్సులో చేర్పించారని" అంది. నాలుగేళ్లలో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదట. ఆ రోజు మేం సిలబస్ గురించి మాట్లాడలేదు.