వంద కంపెనీల లెక్కలో మనం లేమా?

‘‘ప్రపంచ కాలుష్యంలో 71 శాతం వంద కంపెనీలదే. మనం బస్సెక్కినా, దీపాలు ఆర్పినా ఒరిగేదేమీ లేదు. వ్యక్తిగత బాధ్యత అనేది చమురు కంపెనీలు అల్లిన కథ. మారాల్సింది ప్రభుత్వాలే.’’ చాలామంది నమ్మకంగా పంచుకుంటున్న మాటలివి. ఆఖరి వాక్యంలోని డిమాండు నాది కూడా. దాన్ని నీరుగారుస్తున్నాయి కనుకనే మిగతా మాటలను ఒప్పుకోలేను.

ముందు ఆ అంకె సంగతి. అది 2017 నాటి కార్బన్ మేజర్స్ నివేదికలోది. అందులో ఉన్నది మొత్తం కాలుష్యం కాదు, 1988 నుంచి వెలువడిన పారిశ్రామిక గ్రీన్‌హౌస్ వాయువులు. ఆ వంద సంస్థలూ బొగ్గు, చమురు, సహజవాయువు తవ్వితీసేవి. సౌదీ ఆరామ్‌కో, గాజ్‌ప్రోమ్, కోల్ ఇండియా వంటి ప్రభుత్వ ఆధీనంలోనివీ వాటిలో ఉన్నాయి. అసలు విషయం మరొకటుంది. వాటి ఖాతాలో రాసిన ఉద్గారాల్లో దాదాపు 90 శాతం ఆ ఇంధనాన్ని కొన్నవాళ్లు మండించినప్పుడు వచ్చినవే. విద్యుత్ కేంద్రాల్లో, కర్మాగారాల్లో, వాహనాల్లో, ఇళ్లలో! తవ్వినవారి దోషం దీనితో తగ్గదు. కానీ మన వాడకం ఆ లెక్కకు బయట ఉందనడం అబద్ధం.

చమురు కంపెనీ కథ సగం నిజం. ఒక్కో మనిషి వల్ల ఎంత కర్బన ఉద్గారం వెలువడుతుందో లెక్కగట్టే ‘కార్బన్ పాదముద్ర’కు 2000ల దశకంలో విపరీతంగా ప్రచారం కల్పించింది బ్రిటిష్ చమురు సంస్థ బీపీ. అయితే దానికి మూలమైన ‘పర్యావరణ పాదముద్ర’ అనే కొలతను అంతకు ముందే, 1990లలో, విలియం రీస్, మాథిస్ వాకర్నాగెల్ అనే పరిశోధకులు రూపొందించారు. కొలతను ఎవరు దుర్వినియోగం చేశారన్నది ఒక ప్రశ్న, కొలత సరైనదా అన్నది వేరే ప్రశ్న.

ఇక ‘ఒరిగేదేమీ లేదు’ అన్న మాట. స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్ హెచ్చరించారు. అమెరికాలో చాలామంది చట్టం కోసం ఆగకుండా ఆ స్ప్రే డబ్బాలు కొనడం తగ్గించారు. 1978లో అక్కడ స్ప్రే డబ్బాల్లో సీఎఫ్‌సీల వాడకంపై చాలావరకు నిషేధం వచ్చింది, ఆ వాయువులను ప్రపంచమంతటా తగ్గించేందుకు 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. శాస్త్రవేత్తల పట్టుదల, దౌత్యం లేకుండా అది జరిగేది కాదు, నిజమే. కానీ అప్పటికే వాడకం తగ్గిన వస్తువును నిషేధించడం ప్రభుత్వానికి తేలికవుతుంది.

అలవాట్లే చాలు అనేవారితోనూ నాకు పేచీ ఉంది. సీసం కలిపిన పెట్రోలు వాహనాలకు అమ్మడం ప్రపంచమంతటా ఆగింది 2021లో. అది చట్టాలు సాధించిన పని. బంకులో సీసంలేని పెట్రోలే దొరకనప్పుడు ఎంత నిష్ఠగల మనిషైనా ఏం చేయగలడు?

అయితే చట్టానికి జనం మద్దతు కావాలి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 2006లో రద్దీ రుసుమును, అంటే నగరం నడిబొడ్డుకు వచ్చిపోయే వాహనాలపై వేసే రుసుమును, ప్రయోగాత్మకంగా పెట్టినప్పుడు వ్యతిరేకులే ఎక్కువ. కొన్ని నెలలు ఆ పద్ధతిలో బతికి చూశాక, అదే ఏడాది ప్రజాభిప్రాయ సేకరణలో నగరవాసుల్లో ఎక్కువమంది దానికే ఓటు వేశారు. 2007లో అది శాశ్వతమైంది.