కంపాటిబిలిటీ ట్యాబ్ గారికి, మారతహళ్లి నుంచి

మహారాజశ్రీ కంపాటిబిలిటీ ట్యాబ్ గారి సముఖానికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. విండోస్‌లో ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ప్రాపర్టీస్ పెట్టెలో, పాత ప్రోగ్రాముల్ని కొత్త విండోస్‌లో నడిపించే బాధ్యత నెత్తిన పెట్టుకుని, జనరల్ గారి పక్కన తమరు కులాసాగా కూర్చుని ఉన్నారని తలుస్తాను. ఎందుకంటే మీకు పనేమీ ఉన్నట్టు లేదు.

మనకి పరిచయం ఎలా అయిందో చెప్తాను. సంక్రాంతికి అనంతపురం వెళ్తే అటక మీద ట్రంకు పెట్టెలో ఒక సీడీ దొరికింది. దాని మీద మార్కర్‌తో నా చేతిరాత: "గేమ్స్. ఎవరూ ముట్టుకోవద్దు." ఇన్నేళ్లూ ఎవరూ ముట్టుకోలేదు, ఆ మాట నిజం. అందులో ఒక బైకుల రేసు, ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఒక పాత ఆట. ఇక్కడికొచ్చాక చూస్తే కొత్త కంప్యూటర్‌కి సీడీ పెట్టే చోటే లేదు. కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి పోయి, యూఎస్‌బీకి తగిలించే సీడీ డ్రైవ్ కొన్నాను. కొట్టతను తెలుగులోనే, "ఏంటన్నా, పెళ్లి సీడీనా?" అన్నాడు. అవునన్నాను. నలభై దాటినవాడు గేమ్ కోసమని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

సెటప్ మీద రెండుసార్లు నొక్కాను. ఈ యాప్ మీ పీసీలో నడవదు, తగిన వెర్షన్ కోసం పబ్లిషర్‌ని సంప్రదించండి అని వచ్చింది. ప్రిన్స్ మీద నొక్కినా అదే జవాబు. ప్రిన్స్‌ని అమ్మిన బ్రోడర్‌బండ్ కంపెనీని 1998లోనే ఇంకో కంపెనీ కొనేసింది. ఇప్పుడు నేను సంప్రదించాల్సింది ఎవర్ని?

అప్పుడు మీ గుమ్మం తొక్కాను. ఎంత మర్యాద అండీ మీది! విండోస్ 95 కావాలా, 98 కావాలా, ఎక్స్‌పీ కావాలా అని ఉడిపి హోటల్ సర్వర్‌లా వరసపెట్టి చెప్పారు. రంగులు 256కి తగ్గించమంటారా, తెర 640 బై 480 చేయమంటారా అన్నారు. అన్నిటికీ టిక్కు పెట్టాను. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపించమంటారా అంటే దానికీ పెట్టాను. ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ ఎవరో మా ఆవిడ వంటింట్లోంచి "ఏమండీ, గ్యాస్ బుక్ చేశారా?" అన్నప్పుడు గుర్తొచ్చింది, అది వేరే సంగతి. అప్లై, ఓకే. మళ్లీ అదే పెట్టె, అదే మాట.

మీ లోగుట్టు తర్వాత తెలిసింది. ఆట వచ్చి "నువ్వు ఏ విండోస్‌వి?" అని అడిగితే, "95ని" అని అబద్ధం చెప్పడం మీ పనుల్లో ఒకటి. ముప్పై ఎనిమిదేళ్ల పెళ్లికొడుక్కి ముప్పై ఒకటని చెప్పే పెళ్లిళ్ల పేరయ్య పని. దాంతో కొన్ని సంబంధాలు కుదురుతాయి, కాదనను. కానీ నా సెటప్ 16 బిట్‌ది, అంటే పాతకాలపు ప్రాసెసర్ల కోసం రాసింది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములకు చోటే లేదు. విండోస్ 11కి 32 బిట్ వెర్షనే రాలేదు. ఆ ముక్క మీకు ముందే తెలుసు! అయినా "లేదు బాబూ, ఇది జరగదు" అని చెప్పకుండా, ఒక్కో టిక్కూ పెట్టించుకున్నారు. చివరికి మీ ట్రబుల్‌షూటర్ వచ్చి "సమస్య తీరిందా?" అని అడిగాడు. తీరలేదన్నాను. అయితే మళ్లీ మొదటి నుంచి చూద్దామన్నాడు. ఇలాంటి కౌంటర్ల ముందు నేను మా ఊళ్లో చాలాసార్లు నిలబడ్డాను. అక్కడ కనీసం ఫ్యాన్ తిరిగేది.

మీ పెద్దలు ఇలా ఉండేవాళ్లు కాదు. సిమ్‌సిటీ అనే ఆటకి ఒక దురలవాటు ఉండేది. మెమరీ తిరిగి ఇచ్చేశాక కూడా దాన్నే వాడుకునేది. ఇల్లు ఖాళీ చేసి, అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాక కూడా అదే మేడ మీద బట్టలు ఆరేసుకునే అద్దెవాడిలాగా. విండోస్‌కి ముందున్న డాస్‌లో ఎవరూ పట్టించుకోలేదు, వేరే అద్దెవాళ్లు లేరు కాబట్టి. విండోస్ 95 రాసినవాళ్లు ఇది కనిపెట్టి, వచ్చింది సిమ్‌సిటీ అయితే ఆ మెమరీని వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా ఏర్పాటు చేశారు. పది నెలల అడ్వాన్సు పుచ్చుకుని గోడకి మేకు కొట్టనివ్వని మా ఓనర్‌కి ఈ కథ చెప్పాలని ఉంది.

చివరికి నన్ను ఆదుకున్నది డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్. కొందరు ఔత్సాహికులు రాసి, 2002 నుంచి ఊరికే పంచిపెడుతున్నారు. అది మీలాగా వయసు దాచదు. పాత ప్రాసెసర్, పాత సౌండ్ కార్డు, అన్నీ సాఫ్ట్‌వేర్‌తోనే కట్టి, ఆటకి దాని పాత ఇల్లే చూపిస్తుంది. వేగం ఎక్కువైతే కంట్రోల్ ఎఫ్11 నొక్కి తగ్గించుకోవచ్చు. ఇన్ని వేలు పోసి వేగమైన కంప్యూటర్ కొని, అర్ధరాత్రి దాన్ని నెమ్మదించమని బతిమాలుతున్నానన్నమాట. పాత కంప్యూటర్ కేబినెట్లకి ఇందుకే టర్బో అని ఒక బటన్ ఉండేది. పేరు టర్బో, అసలు ఉపయోగం నెమ్మది చేయడం.

నల్ల తెర మీద మౌంట్ సి అని కొట్టి, ప్రిన్స్ అని కొట్టాను. వచ్చాడండీ! తెల్ల పైజామా వేసుకుని పైనుంచి చెరసాల్లోకి దూకాడు. వెనకాల గేటు గరగరమని మూసుకుంది. ఇరవై నాలుగు అంగుళాల తెర మీద ఒక్కో చుక్క బఠాణీ గింజంత ఉంది. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని కీబోర్డు లాక్కుంది. కత్తి వెతుక్కోకుండానే కాపలావాడి ముందుకెళ్లింది. ఒక్క దెబ్బకి అయిపోయింది. "నాన్నా, వీడికి కత్తి కూడా ఇవ్వలేదా?"

అప్పుడు నేను ఆటలోంచి బయటికొచ్చి, ప్రిన్స్ పక్కన మెగాహిట్ అని కొట్టి చూపించాను. అది ఈ ఆటలో దొంగదారి. షిఫ్ట్ ఎల్ నొక్కితే తర్వాతి లెవెల్. మెగాహిట్ అన్న మాట అప్పట్లో మాకు సినిమా పోస్టర్ మీద తెలుసు, తర్వాత ఇక్కడే. అసలు ఆటలో మొదటి లెవెల్ అవగానే ఒక గది వస్తుందట. మాన్యువల్లో ఫలానా పేజీ, ఫలానా మాట మొదటి అక్షరం చూసి, ఆ అక్షరం ఉన్న సీసా తాగాలి. దొంగ కాపీలవాళ్లని పట్టుకోవడానికి. మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ కాపీలో ఆ గది ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించడం నాకిష్టం లేదు.

రాకుమారిని విడిపించడానికి ప్రిన్స్‌కి ఉన్నది 60 నిమిషాలు. మీ దగ్గర నాకు మూడు గంటలు పట్టింది.

ఇట్లు,
అడ్మినిస్ట్రేటర్‌గా టిక్కు పెట్టినవాడు

తా.క. బైకుల రేసు ఇంకా మొదలవలేదు. వచ్చే శనివారం మళ్లీ వస్తాను. లిస్టులో విండోస్ 95ని అక్కడే ఉంచండి.