గల్ఫ్ కూలీ జీతం కోయడానికి పార్లమెంటు అక్కర్లేదా?

2020 సెప్టెంబర్‌లో విదేశాంగ శాఖ ఆరు గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస రిఫరల్ వేతనాలను, అంటే ఇంతకు తక్కువ జీతానికి పంపకూడదని మనమే పెట్టుకున్న అంకెలను, 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. చట్టం మారలేదు, నియమం మారలేదు, ఏ సభలోనూ ఓటు పడలేదు. సర్క్యులర్లు వెళ్లాయి, వలస అనుమతులిచ్చే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో అంకెలు మారాయి, అంతే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వారి కష్టానికి ఢిల్లీలో ధర తగ్గించేటప్పుడు, వారు ఓటేసి పంపిన ఎంపీలను ఒక మాట అడగాల్సిన పని కూడా లేకపోయింది.

పోనీ ఆ నెలలో పార్లమెంటు జరగలేదా అంటే జరిగింది. 14న మొదలై 23న ముగిసింది. కరోనా కారణం చూపి ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తేశారు. రాతపూర్వక జవాబులు తప్ప, మంత్రిని నిలబెట్టి అనుబంధ ప్రశ్న వేసే వీలు లేదు. ఆ ఏడాది శీతాకాల సమావేశాలు అసలే పెట్టలేదు. గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసేవారు ఆందోళన చేసి, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాకా వెళ్లాక, 2021 జూలైలో కేంద్రం పాత వేతనాలను పునరుద్ధరించింది. తగ్గించడమూ సర్క్యులర్‌తోనే, పెంచడమూ అలాగే. విదేశాంగ విధానం అన్న ముద్ర పడగానే మన చట్టసభ ఎంత సులువుగా పక్కకు తప్పుకుంటుందో చెప్పడానికి ఈ పది నెలలకు మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

రిఫరల్ వేతనం ఏం చేస్తుందో తెలిస్తే ఈ కోత బరువు తెలుస్తుంది. పదో తరగతి పాస్ కాని వారికి ఇచ్చేది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు. దానితో గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి అనుమతి తప్పనిసరి. అవతలి యజమాని ఈ-మైగ్రేట్‌లో పెట్టే ఒప్పందంలో జీతం రిఫరల్ వేతనానికి తక్కువుంటే ఆ అనుమతి రాదు. గల్ఫ్ ప్రభుత్వాలు తమ చట్టాల్లో ఏం రాసుకున్నా, ఇది మాత్రం మన చేతిలోని తాళం. కార్మికుణ్ని యజమానికి కట్టేసే కఫాలా పద్ధతిని మార్చమని రియాద్‌నో కువైట్‌నో మనం శాసించలేం. మన మనిషిని ఎంత జీతానికి పంపాలో మనమే చెప్పగలం.

పైగా ఆ అంకె నెల జీతంతో ఆగదు. ఓవర్‌టైమ్‌నూ, సర్వీసు ముగింపు గ్రాట్యుటీనీ చాలాచోట్ల మూల వేతనం మీదే లెక్కకడతారు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం గ్రాట్యుటీగా వస్తుంది. వెయ్యి దిర్హాముల మూల వేతనం ఉన్నవాడికి ఐదేళ్లకు 3,500 దిర్హాములు. అదే 600 అయితే 2,100. ఒప్పందం సాధారణంగా రెండేళ్లది కాబట్టి, తక్కువ అంకె మీద సంతకం పెట్టి విమానమెక్కినవాడికి, పాత వేతనాలు తిరిగొచ్చాయన్న వార్త పేపర్లో చదువుకోవడానికే తప్ప ఎందుకూ పనికిరాదు. ఒప్పందం ముగిసేదాకా అతని జీతం అదే.

ఇప్పుడు అసలు మెలిక. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్రం నియమాలు చేస్తే వాటిని ఉభయ సభల ముందు పెట్టాలి. సభ్యులు సవరణ కోరవచ్చు, రద్దు కోరవచ్చు. ప్రభుత్వం చేసే నియమాలను పరిశీలించే అధీన శాసనాల కమిటీ వాటిని జల్లెడ పడుతుంది. సర్క్యులర్‌కు ఇవేవీ లేవు. రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయకూడదన్న పరిమితి నియమాల్లో ఉంది. కార్మికుడికి ఎంత రావాలన్న అంకె మాత్రం సర్క్యులర్లో ఉంది. ఏజెంటు కమీషన్‌కు ఉన్న పార్లమెంటరీ రక్షణ కూలీ జీతానికి లేదు. ఇన్నేళ్లుగా దీన్ని సరిదిద్దకుండా వదిలేసిన ప్రభుత్వాలన్నీ ఇందులో బాధ్యులే.

మరి ఎంపీలకు ఆయుధాలు లేవా? ఉన్నాయి, మొద్దుబారి ఉన్నాయి. లోక్‌సభలో మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన స్టార్డ్ ప్రశ్నలు రోజుకు 20 జాబితాలోకి వస్తాయి, ఆ జవాబు దాకా వచ్చేవి కొన్నే. మిగతావన్నీ కాగితం జవాబులు. ప్రశ్న 150 పదాలు దాటకూడదు, 15 రోజుల ముందు నోటీసివ్వాలి. లోక్‌సభ నిబంధన 41లో ఇంకో షరతుంది: ప్రశ్నలో మిత్రదేశాన్ని అమర్యాదగా ప్రస్తావించకూడదు. మర్యాద పాటించమనడం సబబే. కానీ పాస్‌పోర్టు లాక్కున్న యజమాని గురించీ, అతన్ని వెనకేసుకొచ్చే లేబర్ కోర్టు గురించీ అడగకుండా గల్ఫ్‌లో మానవ హక్కుల గురించి ఏం అడగగలం? విదేశీ జైళ్లలో ఉన్న భారతీయులు 10 వేలకు పైనే అని ప్రభుత్వమే సభకు చెప్పింది. సౌదీ, యూఏఈలది అందులో పెద్ద వాటా. ఎవరు, ఏ కేసులో, ఎన్నాళ్ల నుంచి అని అడిగితే ఏళ్ల తరబడి ఒకే వాక్యం వస్తోంది: అక్కడి గోప్యతా చట్టాల వల్ల ఖైదీ ఒప్పుకుంటే తప్ప వివరాలు ఇవ్వరు.

అందుకే ప్రశ్న వేసే తీరు మారాలి. 'ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోంది' అని అడిగితే రెండు పేజీల పథకాల పట్టిక వస్తుంది. ఫలానా దేశపు ఎంబసీ నిరుడు ఎన్ని జైలు సందర్శనలు చేసింది, ఎంతమందికి లాయరును పెట్టింది, భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి నుంచి ఆ ఎంబసీ ఎంత ఖర్చు చేసింది, ఎంత మిగిల్చింది అని అడగాలి. ఆ నిధి కాన్సులర్ సేవల మీద ప్రవాసుల నుంచే వసూలు చేసే చార్జీలతో నడుస్తుంది. కూలీ డబ్బు కూలీకి చేరిందా అని అడిగితే గోప్యత అడ్డురాదు. 'సమాచారం సేకరిస్తున్నాం' అని మంత్రి అంటే దాన్ని వదిలేయకూడదు. ఆ మాట సభకిచ్చిన హామీ అవుతుంది, మూడు నెలల్లో తీర్చాలి, తీర్చకపోతే హామీల కమిటీ వెంటపడాలి.

శాఖల పనిని పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘం సంగతి కూడా చూడాలి. విదేశీ వ్యవహారాల సంఘంలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు, పార్టీల కేకలు ఉండవు, అధికారులు జవాబు చెప్పక తప్పదు. చాలా శాఖల పద్దులు చర్చ లేకుండా గిలెటిన్‌లో, అంటే గడువు ముగిసిందని ఒక్కసారే ఓటుకు పెట్టే పద్ధతిలో, పోతున్న రోజుల్లో, విదేశాంగ శాఖ ఖర్చును పంక్తి పంక్తిగా చదివేది ఈ సంఘమే. కానీ రోజువారీ పాలన జోలికి పోవద్దని నిబంధన దాన్ని కట్టేసింది. వేతన సర్క్యులర్‌ను ఏ గాటన కట్టాలి? లక్షల మంది జీతం రోజువారీ పాలనా, విధానమా? సమావేశాలు తలుపులు మూసుకుని జరుగుతాయి, సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడాల్సిన పని లేదు.

ప్రభుత్వ పక్షాన వినిపించే వాదన ఒకటుంది. దౌత్యానికి గోప్యత, వేగం కావాలి. వేతనాలు తగ్గించకపోతే కరోనా కాలంలో ఆ ఉద్యోగాలు బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్థాన్‌లకు పోయేవని అప్పట్లో చెప్పారు. బేరసారాలు రహస్యంగా జరగాలి, ఒప్పుకుందాం. బేరం ముగిశాక ఫలితాన్ని సభ ముందు పెట్టడంలో రహస్యం ఏముంది? పోటీ వాదన నిజమైతే లెక్కలతో సహా స్థాయీ సంఘం ముందు పెట్టి నెగ్గించుకోవలసింది. కోర్టులో కేసు పడ్డాక అదే నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారంటే ఆ వాదన ఎంత గట్టిదో తెలుస్తూనే ఉంది.

మన పార్లమెంటుకు ఈ పని చేతకాదని ఎవరూ అనలేరు. 1971 మార్చి 31న తూర్పు బెంగాల్ ప్రజలకు సంఘీభావంగా ఇందిరాగాంధీ ప్రవేశపెట్టిన తీర్మానాన్ని ఉభయ సభలు ఆమోదించాయి. చైనా యుద్ధం వేళ 1962లో వాజ్‌పేయి అడిగితే నెహ్రూ సభను ముందే సమావేశపరిచారు. 2003 ఏప్రిల్‌లో ఇరాక్ దాడిని ఖండిస్తూ లోక్‌సభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ జూలైలో అమెరికా అడిగినా మన సైన్యం అక్కడికి వెళ్లలేదు. ఇప్పుడో? 2022 అక్టోబర్ 6న చైనాలోని షిన్‌జియాంగ్‌లో మానవ హక్కుల మీద చర్చ జరపాలా అని జెనీవా మానవ హక్కుల మండలిలో ఓటింగ్ వస్తే 17-19తో వీగిపోయింది. 11 దేశాలు దూరంగా ఉన్నాయి, మనదీ వాటిలో ఒకటి. సరిహద్దులో మన జవాన్లను చంపిన దేశం విషయంలో ఎందుకు దూరంగా ఉన్నామో దేశ ప్రజలు విన్నది విదేశాంగ ప్రతినిధి నోట. ఆ లెక్క ముందుగా చెప్పాల్సింది సభకు.

ఒప్పందాలదీ ఇదే కథ. రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 14వ అంశం ఒప్పందాలు చేసుకోవడంపై చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. ఆ చట్టం ఇంతవరకు రాలేదు, తెమ్మని 2002లోనే రాజ్యాంగ పనితీరు సమీక్షా కమిషన్ సిఫార్సు చేసింది. బ్రిటన్‌లో 2010 చట్టం ప్రకారం సంతకమైన ఒప్పందాన్ని, సభ జరిగే 21 రోజుల పాటు, పార్లమెంటు ముందు ఉంచాలి. మనం 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే తదితర నాలుగు దేశాలతో చేసుకున్న వాణిజ్య ఒప్పందాన్ని స్విస్ పార్లమెంటు చర్చించి ఆమోదించింది. ఆ తర్వాత కూడా సంతకాలు సేకరించి రెఫరెండం కోరే గడువు అక్కడి పౌరులకు దొరికింది. కాగితం ఒక్కటే. జెనీవాలోని ఓటరుకు దాని మీద ఉన్న హక్కు మన ఎంపీకి లేదు. ఇజ్రాయెల్‌కు నిర్మాణ కార్మికులను పంపే ఒప్పందమూ సభ ఓటుకు రాలేదు. ఆ దేశం 18 ఈసీఆర్ దేశాల జాబితాలో లేదు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షలిచ్చే ప్రవాసీ బీమాను తప్పనిసరి చేసే ఆ అనుమతి గేటు కూడా కాబట్టి వారి దారిలో లేదు. సంతకానికి ముందు స్థాయీ సంఘంలో ఒక్క పూట కూర్చుని ఉంటే ఈ ఖాళీ ఎవరో ఒకరి కంట పడేది.

ఇక్కడే రాష్ట్రాల మాట చెప్పాలి, నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఇదే. రాజ్యాంగంలోని 253వ అధికరణం ప్రకారం విదేశీ ఒప్పందం అమలు కోసం రాష్ట్ర జాబితాలోని అంశం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు. రాష్ట్రాన్ని అడగనక్కర్లేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ముడి పామాయిల్‌పై సుంకాన్ని మెట్లు మెట్లుగా దించి 2019 చివరికి 37.5 శాతం దగ్గర కట్టేసింది. ఏలూరు, ఖమ్మం తోటల్లో పామాయిల్ గెల ధర ముడి నూనె ధరను పట్టుకునే నడుస్తుంది. ఆ సంతకం మీద అశ్వారావుపేట రైతును గానీ అప్పటి ఉమ్మడి రాష్ట్ర శాసనసభను గానీ అడిగి ముందుకెళ్లాలన్న నిబంధన ఏదీ లేదు. గల్ఫ్ విషయంలోనూ అంతే. 2024లో తెలంగాణ గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. ఇవ్వాల్సిందే. కానీ వలస విధానమంతా కేంద్రానిది, శవపేటిక వచ్చాక చెక్కు రాసే బాధ్యత రాష్ట్రానిది అన్న పంపకాన్ని సమాఖ్య అని పిలవడానికి నాకు నోరు రాదు.

లెక్క వేస్తే లోక్‌సభలో తెలుగు ఎంపీలు 42 మంది, రాజ్యసభలో 18 మంది. శ్రీలంక తమిళుల విషయంలో 18 మంది ఎంపీల డీఎంకే 2013లో యూపీఏ నుంచి బయటికొచ్చింది, ఆ ఒత్తిడి మధ్యే జెనీవాలో భారత్ శ్రీలంకకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. 2024లో ఏర్పడ్డ కేంద్ర ప్రభుత్వానికి 16 మంది ఎంపీల టీడీపీ మద్దతు ఉంది. ప్రాజెక్టులకూ నిధులకూ వాడే బలాన్ని కువైట్‌లో ఇళ్లలో పనిచేసే రాయలసీమ, గోదావరి ఆడవాళ్ల కోసం వాడకూడదని ఏ పొత్తు ధర్మమూ చెప్పదు.

1983 చట్టం స్థానంలో 2019లో ఒకటి, 2021లో ఒకటి, 2025లో ఓవర్సీస్ మొబిలిటీ పేరుతో ఇంకొకటి ముసాయిదాలు వచ్చాయి. తుది చట్టంలో మూడు వాక్యాలు ఉండాలి. రిఫరల్ వేతనాలను నియమాల ద్వారానే నిర్ణయించి ఉభయ సభల ముందు పెట్టాలి. తగ్గించే పక్షంలో సభ ఆమోదించాకే అమలు చేయాలి. కార్మికులను పంపే ప్రతి ఒప్పందాన్ని, అది ఏ దేశంతో అయినా, 21 పనిదినాలు సభలో ఉంచి, కార్మికులు ఎక్కువగా వెళ్లే రాష్ట్రాల అభిప్రాయాన్ని రాతపూర్వకంగా జత చేయాలి. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్తే, సంఘం సాక్ష్యాలు తీసుకోవాల్సిన చోట్లు జగిత్యాల, రాజంపేట. పర్యటించే అధికారం సంఘానికి ఉంది.