పళ్ళు తెల్లబడవు, పులుస్తాయి: ఒక నిమ్మచెక్క ఫార్వర్డ్‌కు జవాబు

పది రోజుల కిందట పొద్దున ఐదున్నరకు మా పెద్దమ్మ ఫ్యామిలీ గ్రూపులో శుభోదయం బొమ్మ పెట్టి, దాని వెనకాలే ఒక పెద్ద మెసేజ్ పెట్టింది. నేను పళ్ళ డాక్టర్‌నన్న సంగతి గుర్తుండి పెట్టిందో, మరిచిపోయి పెట్టిందో తెలీదు. అదే మెసేజ్‌ని ఆ వారంలోనే ఇద్దరు పేషెంట్లు ఫోన్‌లో తెరిచి నాకు చూపించారు. "ఇది నిజమేనా సార్?" అని ఒకరు. "ఇది చేసినంక ఇట్లయింది సార్" అని ఇంకొకరు. ఆ రెండో మాట విన్నాకే కూర్చుని రాయాలనిపించింది.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇదీ. డెంటిస్టులు దాచిపెట్టే రహస్యం. నిమ్మచెక్క మీద చిటికెడు వంటసోడా చల్లి రోజూ రెండు నిమిషాలు పళ్ళకు రుద్దితే వారంలో ముత్యాల్లా మెరుస్తాయి. ఎలాంటి పసుపు మరకైనా పోతుంది. మన పెద్దలు బొగ్గుతో తోముకున్నారు కాబట్టే వాళ్ళ పళ్ళు గట్టిగా ఉండేవి. క్లినిక్‌కు వెళ్తే మెషిన్ పెట్టి ఎనామెల్ గీకేస్తారు, పళ్ళు కదిలిపోతాయి. వాళ్ళు తెల్లబరచడానికి వాడేది మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడే, దాంతో ఇంట్లో పుక్కిలిస్తే వేలు మిగుల్తాయి. చివర మామూలే, పదిమందికి పంపండి.

"నిమ్మచెక్క, సోడా రుద్దితే వారంలో తెల్లబడతాయి"

ముందు ఒకటి ఒప్పుకుంటాను. ఇది చేసినవాళ్ళకు మూడో రోజో నాలుగో రోజో అద్దంలో పళ్ళు కాస్త తెల్లగా కనిపించవచ్చు. అందుకే ఈ మెసేజ్ చావదు. అయితే ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

మీ ఇంట్లో పాలిష్ పట్టిన తాండూరు బండలో, షాబాద్ బండలో ఉంటే ఒక మూల నిమ్మరసం చుక్క వేసి, పది నిమిషాలాగి తుడవండి. ఆ చోట మెరుపు పోయి సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చ మిగులుతుంది. ఎంత కడిగినా పోదు. బండ శుభ్రపడలేదు. అది సున్నపురాయి, పులుపు దాని పైపొరను తినేసింది. పంటి మీద ఎనామెల్‌లో కూడా బరువు లెక్కన దాదాపు 96 శాతం కాల్షియం ఖనిజమే. బండంత తొందరగా కరగదు గానీ, కరగడమైతే ఖాయం. పులుపును కొలిచే లెక్క పీహెచ్, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నోట్లో పీహెచ్ 5.5 కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కీ 2.5కీ మధ్య ఉంటుంది.

ఈ పని మేమూ చేస్తాం, కావాలనే. ముందుపళ్ళకు పంటి రంగు సిమెంటు పెట్టేముందు ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ 15 సెకన్లు ఉంచి, కడిగి, గాలితో ఆరబెడతాం. ఆ కాస్త మేరా పన్ను సుద్దముక్కలా తెల్లబడుతుంది. పైపొర గరుకైందని, ఇక సిమెంటు పట్టుకుంటుందని దానికర్థం. మేం గడియారం చూసి పావు నిమిషం పెడతాం, వెంటనే దాని మీద సిమెంటు కప్పేస్తాం. నిమ్మచెక్కవాళ్ళు రోజూ రెండు నిమిషాలు పెడుతున్నారు, పైన కప్పేదేమీ లేదు.

పచ్చి చింతకాయలు ఉప్పద్దుకుని తిన్న రోజు రాత్రి అన్నం నమలలేక అవస్థపడటం మనందరికీ తెలుసు. పళ్ళు పులిశాయి అంటాం. ఆ పులుపునే రోజూ పళ్ళ మీద రుద్దమంటోంది ఈ మెసేజ్. పులుపు తగిలాక ఎనామెల్ కాసేపు మెత్తబడి ఉంటుంది. అప్పుడే చెక్కతోనో వేలితోనో రుద్దితే మెత్తబడ్డ పొర లేచిపోతుంది. పుల్లటిది తిన్నాక నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి బ్రష్ చేయమని మేం చెప్పేది అందుకే.

"సోడా పులుపును విరిచేస్తుంది కదా సార్" అని ఇంటర్ చదివే కుర్రాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. బుస్సున పొంగేది అందుకే, కార్బన్ డయాక్సైడ్ పోతోంది. సోడా ఎక్కువేస్తే పులుపు పూర్తిగా చచ్చి, పళ్ళకు ఏ ఉపకారమూ చేయని ఉప్పునీళ్ళు మిగులుతాయి. చిటికెడే వేస్తే సగం చెక్కలోని పులుపు చాలావరకు అలాగే ఉంటుంది. ఎటు చూసినా ఆ పొంగులో తెల్లబరిచే గుణమేమీ లేదు, చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టు ఉంటుందంతే.

వంటసోడా ఒక్కదాని మీద మాత్రం నాకు కోపం లేదు. మెత్తటి పొడి, చాలా టూత్‌పేస్టుల్లో ఉంటుంది, టీ మరకల్ని కొంత తీస్తుంది. నిమ్మకాయతో జత కట్టించడమే తప్పు.

ఇంకో సంగతి. ఎనామెల్ కింద ఉండే డెంటిన్ పొర పుట్టుకతోనే పసుపు. వయసు పెరిగేకొద్దీ పైపొర అరిగి, లోపలి పసుపు పైకి కనబడుతుంది. పోయిన ఎనామెల్ మళ్ళీ పుట్టదు, దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి. కాబట్టి ఏడాది పాటు తెలుపు కోసం రుద్దినవాళ్ళకు చివరికి దక్కేది మరింత పసుపు.

"ఎలాంటి పసుపు మరకైనా పోతుంది"

నాకు ఈ వాక్యం మీదే ఎక్కువ కోపం. నేను ప్రాక్టీసు చేసేది పాత నల్లగొండ జిల్లాలో. ఇక్కడ పసుపు, గోధుమరంగు మచ్చలున్న ముందుపళ్ళు ఊరూరా కనిపిస్తాయి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణాలు చెప్తాయి. మా బోరుబావుల్లో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్ళు తాగి తరాలు పెరిగాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటికా సున్నమూ కలిపే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుందంటే మా జిల్లా దేనికి పేరుపడిందో అర్థం చేసుకోండి. అటు పాత ప్రకాశం జిల్లా కనిగిరి, పొదిలి వైపువాళ్ళకూ ఈ బాధ కొత్త కాదు.

ఈ మచ్చ పంటి పైన అంటుకున్నది కాదు. పిల్లకు ఏడెనిమిదేళ్ళు వచ్చేలోపు, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడే ఎనామెల్‌లో పడ్డది. చీరకు అంటిన మరక వేరు, నేతలోనే వచ్చిన రంగు వేరు. ఉతికితే మొదటిదే పోతుంది.

ఇందాక చెప్పిన రెండో పేషెంట్ పెళ్ళి కుదిరిన అమ్మాయి. పైన రెండు ముందుపళ్ళ మీద గోరంత గోధుమరంగు మచ్చలు. పెళ్ళిచూపుల ఫొటోల్లో నోరు మూసుకునే నవ్వింది. ఈ మెసేజ్ చూసి మూడు వారాలు పొద్దునా రాత్రీ నిమ్మచెక్క రుద్దింది. పుక్కిలించమని గ్లాసుతో నీళ్ళిస్తే ఒక గుక్క పోసుకుని, బుగ్గ పట్టుకుని గ్లాసు పక్కన పెట్టేసింది. మామూలు నీళ్ళకే జివ్వుమంటున్నాయి. లైటు వేసి చూశాను. పన్ను చుట్టూ మెరుపు పోయి పాలిపోయింది. మచ్చలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. చుట్టూ తెల్లబడేసరికి ఇంకాస్త ఎక్కువ కనబడుతున్నాయి కూడా.

ఇలాంటి మచ్చలకు దారి లేదని కాదు. పైపైన ఉన్నవాటిని మైక్రో అబ్రేషన్ అని, క్లినిక్‌లో కొలతగా ఒక పలుచని పొర తీసి తగ్గించవచ్చు. కొన్నిటిలోకి రెసిన్ అనే పల్చటి జిగురులాంటి పదార్థం ఇంకించి చుట్టూ ఉన్న రంగులో కలిపేయవచ్చు. లోతైనవాటికి పైన సిమెంటు పూతో, వెనీరో (పంటి ముందు అతికించే పల్చటి పెంకు). ఉత్త బ్లీచింగ్, అంటే మందుతో తెల్లబరచడం, చేస్తే మొదట్లో తెల్లమచ్చలు మరింత కొట్టొచ్చినట్టు కనిపించవచ్చని ముందే చెప్పాలి. ఆ అమ్మాయికి మాత్రం అప్పుడు ఇవేవీ చేయలేదు. ఫ్లోరైడ్ పూత పూసి (పన్ను తయారయ్యాక పైన పూసేదానితో కొత్త మచ్చలు పడవు), జివ్వుమనడం తగ్గే పేస్టు రాసిచ్చి పంపాను. మచ్చల సంగతి పెళ్ళయ్యాక.

మచ్చ లోపలిదయ్యే సందర్భాలు ఇంకా ఉన్నాయి. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందులు వాడినవాళ్ళకు బూడిదరంగు చారలు వస్తాయి. వాటికి బ్లీచింగ్ నెలల తరబడి పడుతుంది. దెబ్బ తగిలి చచ్చిపోయిన పన్ను ఒక్కటే నల్లబడుతుంది. దానికి రూట్ కెనాల్ చేసి లోపలి నుంచి తెల్లబరచాలి. టీ, జర్దా, పాన్, ఐరన్ టానిక్, ఎక్కువ రోజులు వాడిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వల్ల వచ్చేవి మాత్రం పైమరకలు. తెల్లబరచమని వచ్చేవాళ్ళలో చాలామందికి ఈ పైమరకలు, గార తీస్తేనే పని అయిపోతుంది.

"పెద్దలు బొగ్గుతో తోముకున్నారు"

తోముకున్నారు. బొగ్గు, కచ్చిక, ఇటుకపొడి, ఉప్పు, ఏది దొరికితే అది. మా తాతల పళ్ళు చూడండి, అరవయ్యో ఏటికి సగం అరిగి పీటల్లా ఉండేవి. గట్టిగా కనిపించింది మిగిలిన పళ్ళు. ఊడిపోయినవాటిని లెక్కలో ఎవరూ వేయలేదు. ఇప్పుడు అదే బొగ్గు నల్లటి ట్యూబులో ఖరీదు కట్టి వస్తోంది. 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రిక ఈ బొగ్గు పేస్టుల మీద వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి, ఇవి తెల్లబరుస్తాయనీ, సురక్షితమనీ చెప్పడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది.

నీలంరంగు కలిపిన పేస్టులూ, ఊదారంగు సీరమ్‌లూ మరో రకం. తెల్లచొక్కాకు నీలిమందు పెట్టినట్టే అది. పసుపు కనబడకుండా కన్నును మోసం చేస్తుంది. హాని లేదు, రెండు కాఫీలకు పోతుంది.

"క్లీనింగ్ చేయిస్తే ఎనామెల్ పోతుంది, పళ్ళు కదులుతాయి"

క్లీనింగ్‌కు వాడే మెషిన్‌ను స్కేలర్ అంటాం. దాని మొన సెకనుకు పాతికవేల సార్లకు పైగా అదురుతూ, నీళ్ళు చిమ్ముతూ గారను పగలగొడుతుంది. సరిగ్గా వాడితే ఎనామెల్‌ను గీకదు. మరి కదలడం? గార పేరుకుని చిగుళ్ళు జారి, కింది ఎముక కరిగిపోయిన పళ్ళు అప్పటికే వదులై ఉంటాయి. ఆ గారే రాయిలా రెండు పళ్ళ మధ్య ఇరుక్కుని వాటిని పట్టి ఉంచుతుంది. అది తీసేసరికి ఉన్న వదులు బయటపడుతుంది. సందుల్లోకి నాలుక పోయి "ఖాళీ వచ్చింది సార్" అంటారు. ఆ ఖాళీ ఎముక పోయిన రోజు నుంచీ ఉన్నదే.

"క్లినిక్‌లో వాడేది మెడికల్ షాపు పెరాక్సైడే"

మందు పేరు ఒకటే, నిజం. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎనామెల్ గుండా లోపలికి వెళ్ళి రంగు అణువులను విడగొడుతుంది. తేడా అంతా ఎంత శాతం, ఎంతసేపు, ఎక్కడ తగలాలి అన్నదాంట్లోనే. షాపులో 20 వాల్యూమ్ అని రాసి ఉన్న సీసాలో ఉండేది సుమారు 6 శాతం ద్రావణం, గాయాలు కడగడానికి. దాన్ని నోట్లో పోసుకుంటే పళ్ళ కంటే ముందు చిగుళ్ళు, నాలుక, బుగ్గలు మండుతాయి. పుచ్చిపళ్ళుంటే రంధ్రంలోంచి నేరుగా నరం దగ్గరికి పోతుంది.

క్లినిక్‌లో కుర్చీలో చేసేటప్పుడు 25 నుంచి 40 శాతం జెల్ వాడతాం, కాబట్టే చిగుళ్ళకు ముందు అడ్డుపూత వేస్తాం. ఇంటికిచ్చే పద్ధతిలో మీ పళ్ళ అచ్చు తీసి పల్చటి ట్రే చేసి, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ ఇస్తాం. అందులోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ మూడున్నర శాతమే. రాత్రిపూట పెట్టుకుంటే రెండు వారాల్లో ఫలితం కనిపిస్తుంది. నన్నడిగితే ఇదే మంచిది. నిదానం, జివ్వుమనడం తక్కువ.

మా వృత్తివాళ్ళ గురించీ చెప్పాలి, లేకపోతే ఈ జవాబు ఏకపక్షమవుతుంది. "గంటలో లేజర్ వైట్నింగ్" బోర్డులు హైదరాబాద్ నిండా ఉన్నాయి. అక్కడ జెల్ పూసి పళ్ళ మీద వేసే నీలిలైటు వల్ల ఎక్కువకాలం నిలిచే అదనపు లాభమేదీ గట్టిగా రుజువు కాలేదు. కుర్చీలోంచి లేచేసరికి కనిపించే తెలుపులో కొంత పన్ను ఎండిపోవడం వల్ల వచ్చిందే. ఉమ్మి తగిలి తడి పట్టాక కొంత దిగుతుంది. అందుకే ఫలితాన్ని ఆ రోజు సెల్ఫీలో కాకుండా రెండు వారాల తర్వాత చూడండి. మొదటి రోజుల్లో చల్లటివి తగిలితే జివ్వుమనడం మామూలే, తగ్గిపోతుంది. తెలుపు కూడా శాశ్వతం కాదు, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ కొంచెం చేయించుకోవాల్సి వస్తుంది.

ఇంకోటి చాలామంది అడగరు, కొందరు డాక్టర్లు చెప్పరు. బ్లీచింగ్‌తో క్యాపులు, వెనీర్లు, పాత సిమెంట్ల రంగు మారదు. చుట్టూ పళ్ళు తెల్లబడి ఆ ఒక్క క్యాపు పసుపుగా మిగిలిపోతుంది. ముందుపంటికి క్యాపు వేయించుకునే ఆలోచనే ఉంటే తెల్లబరచడం ముందు, ఓ రెండు వారాలాగి క్యాపు తర్వాత. పుచ్చిపళ్ళు, చిగుళ్ళ జబ్బు ఉంటే అవి బాగయ్యాకే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకుంటే నయం, ఆగితే పోయేదేమీ లేదు. యూరప్‌లో 18 ఏళ్ళ లోపువాళ్ళకు 0.1 శాతం దాటిన పెరాక్సైడ్ వాడకూడదని చట్టమే ఉంది. బ్రిటన్‌లో పళ్ళు తెల్లబరచడం దంతవైద్యం కిందికే వస్తుందని, పార్లర్లవాళ్ళు చేయకూడదని 2013లో హైకోర్టు తేల్చింది. మన దగ్గరా దంతవైద్యం చేయాలంటే డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. బ్యూటీపార్లర్ ప్యాకేజీలో ఫేషియల్ పక్కన టీత్ వైట్నింగ్ కనిపిస్తే జెల్ ఎంత శాతమో, పెట్టేది ఎవరో అడగండి.

ఇదంతా కొంచెం కుదించి గ్రూపులో పెట్టాను. మా తమ్ముళ్ళు బొటనవేళ్ళు పెట్టారు. పెద్దమ్మ మాత్రం నేరుగా ఫోన్ చేసింది.

"అదంతా సరే బిడ్డా, నాయి కట్టుడు పళ్ళు గదా, నేను దేంతోని కడగాలె?"

గిన్నెల సబ్బు ఒక్క చుక్క, మెత్తటి బ్రష్, చల్లనీళ్ళు అని చెప్పాను. పేస్టుతో తోమితే గీతలు పడతాయి, వేడినీళ్ళు పోస్తే వంకర పోతాయి, రాత్రికి తీసి నీళ్ళ గిన్నెలో వేసి పడుకో అన్నాను. "నిమ్మకాయ?" అంది. పప్పులో పిండుకోమన్నాను.